కొత్త క్లాసిక్ 350 ఎక్కేవారికి



రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 చూపులకు డెబ్భై ఏళ్ల నాటి బండి. గుండ్రటి హెడ్‌లైటు, దాని పైన రెండు వైపులా చిన్న దీపాలు, బొట్టులా సాగిన పెట్రోలు ట్యాంకు, చక్రాన్ని నిండుగా కప్పే మడ్‌గార్డులు, అన్నీ 1948 నాటి మోడల్ జీ2ను తలపించేలా తీర్చినవి. రూపం అంతవరకే పాతది. 2021 సెప్టెంబరు 1న విడుదలైన క్లాసిక్‌కు ఇంజిను, ఫ్రేము, బ్రేకులు అన్నీ కొత్తవి. నడిపేవారు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. పాత బుల్లెట్ గురించి ఊళ్లో విన్న కబుర్లలో కొన్ని ఈ బండికి ఇప్పటికీ వర్తిస్తాయి, చాలావరకు వర్తించవు. ఏది మారింది, ఏది మారలేదన్నది తెలుసుకుని నడిపితే ఇది చాలా మంచి బండి. తెలియకపోతే బరువైన, ఖరీదైన తలనొప్పి.

బుల్లెట్ అన్న పేరు 1932లో ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికి సరిహద్దుల్లో గస్తీ తిరిగే గట్టి బండ్లు కావలసివచ్చి 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకుంది. ఆ అవసరం మీదే 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. తర్వాత ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడినా, ఇక్కడ బుల్లెట్ తయారీ ఆగలేదు. 1994లో సంస్థ ఐషర్ చేతికి వచ్చింది. 2009లో క్లాసిక్ పేరుతో పాత రూపపు బండి మన రోడ్ల మీదికి దిగింది. తెలుగు జిల్లాల్లో బుల్లెట్ అంటే చాలాకాలం ఎస్సై గారి బండి, లేదా మోతుబరి రైతు బండి. ఇప్పుడు ఉద్యోగంలో చేరిన కుర్రాడు వాయిదాల మీద మొదట కొనేది అదే. 2021లో పెళ్లి బరాత్‌లన్నిటా మోగిన బుల్లెట్టు బండి పాట ఆ మోజును ఇంకా పెంచింది.

పాత బుల్లెట్ స్టార్ట్ చేయడమే ఒక విద్య. తాళం తిప్పి, ఎడమచేతి దగ్గరి డికంప్రెషన్ లివర్ పట్టి, కిక్కు మీద మెల్లగా కాలు ఆనించి, హెడ్‌లైటు పైనున్న ఆంప్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, అప్పుడు లివర్ వదిలి ఒక్క తొక్కు తొక్కాలి. లెక్క తప్పితే కిక్కు వెనక్కి తన్నేది, మోకాలు పట్టేసేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేవి, కొత్త బండిలో అవి తారుమారు. అవి నడిపిన పెద్దలు కొత్త బండి ఎక్కినప్పుడు బ్రేకు అనుకుని గేరు తొక్కే ప్రమాదం ఇప్పటికీ ఉంది. కాబట్టి ఇంట్లో పెద్దవారు ముచ్చటపడి బండి అడిగితే ముందు ఖాళీ మైదానంలో రెండు చుట్లు తిప్పించడం మంచిది.

కొత్త క్లాసిక్‌కు కిక్కు లేదు. తాళం తిప్పగానే ట్యాంకులోని పెట్రోలు పంపు సన్నగా మూలిగి ఆగుతుంది. ఆ చప్పుడు ఆగాకే స్టార్టర్ తిప్పాలి. కిక్కు లేదంటే బ్యాటరీయే దిక్కు అన్నమాట. తాళం ఆన్‌లో ఉంచి టీ తాగడానికి వెళ్లడం, తయారీవారు ఇవ్వని హారన్లు, లైట్లు బిగించడం ఈ బండికి పనికిరావు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు, ఎందుకంటే పెట్రోలు ఇంజెక్ట్ కావడానికీ కరెంటే కావాలి.

ఇంజిను సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి, నడిపే తీరంతా దాని మీదే ఆధారపడి ఉంది. అంతకుముందరి క్లాసిక్ ఇంజిను 346 సీసీ. సిలిండరు వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90. కొత్తది 349 సీసీ, వెడల్పు 72, ప్రయాణం 85.8. అంటే పిస్టన్ నడక కాస్త తగ్గినా ఇది ఇంకా పొడవాటి స్ట్రోకు ఇంజినే. వాల్వులను కింది నుంచి పుష్‌రాడ్‌లు నెట్టే పాత పద్ధతి పోయి, కామ్‌షాఫ్ట్ సిలిండరు పైకి వచ్చింది. అదురును తగ్గించడానికి బ్యాలన్సర్ షాఫ్ట్ చేరింది. పాత బండి మీద 80 దాటితే హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కేవి, అద్దంలో వెనక బండి ఏదో మసకగా కదిలేది. ఇప్పుడు అదే వేగంలో అద్దంలో వెనక లారీ నంబరు ప్లేటు కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పు చాలు, ఇంజినీర్ల కష్టాన్ని మెచ్చుకోవడానికి.

గరిష్ఠ శక్తి 6100 ఆర్‌పీఎం దగ్గర 20.2 బీహెచ్‌పీ. 350 సీసీ బండికి ఇది తక్కువే. కానీ 27 న్యూటన్ మీటర్ల టార్క్ 4000 ఆర్‌పీఎంకే వచ్చేస్తుంది. ఈ రెండు అంకెల్లోనే బండి స్వభావం ఉంది. ఇది ఇంజినును అరిపించి నడిపే బండి కాదు. కింది వేగాల్లోనే బలంగా లాగుతుంది కాబట్టి గేర్లు తొందరగా పైకి వేస్తూ, యాక్సిలరేటర్‌ను మణికట్టుతో నింపాదిగా తిప్పుతూ నడపాలి. అలాగని అయిదో గేరులో 30 మీద ఈడ్వకూడదు. ఇంజిను దడదడలాడి గొలుసు కొట్టుకుంటుంటే గేరు తగ్గించమని అర్థం. ట్రాఫిక్‌లో రెండు, మూడు గేర్లు చాలు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారిలాంటి వెడల్పాటి రోడ్ల మీద 80 నుంచి 90 మధ్య ఇది ఎంతసేపైనా హాయిగా నడుస్తుంది. వంద దాటించవచ్చు గానీ అక్కడ ఇంజినుకూ, నడిపేవారికీ సుఖం ఉండదు. వందకు పైన అలవోకగా పరుగెత్తాలనుకునేవారు వేరే బండి కొనుక్కోవాలి. అందులో చిన్నతనమేమీ లేదు. మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో పట్టి నడపకుండా మారుస్తూ నడపాలి, మాన్యువల్‌లో చెప్పిన వేగం దాటకూడదు.

మారని సంగతి బరువు. పెట్రోలు, ఆయిలుతో కలిపి 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. కదిలాక ఈ బరువు తెలియదు, పైగా గాలికి బండి ఊగకుండా కాపాడుతుంది. తెలిసేదంతా ఆగినప్పుడే. కొత్తవారు బండి పడేసేది ఎక్కువగా ఇంటి గేటు ముందు, పెట్రోలు బంకులో, యూటర్న్ దగ్గర. మెల్లగా తిరిగేటప్పుడు ముందు బ్రేకు పట్టకూడదు. క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు మీద పాదం తేలికగా ఉంచి, చూపు ముందు చక్రం మీద కాకుండా వెళ్లవలసిన వైపు పెట్టాలి. వాలులో ముక్కు కిందికి పెట్టి నిలిపితే తిరిగి వెనక్కి లాగడం ఒక్కరి వల్ల కాదు. సెంటర్ స్టాండు వేసేటప్పుడు చేతులతో ఎత్తబోతే నడుం పడుతుంది. స్టాండు కాడ మీద కుడి పాదం ఆనించి ఒంటి బరువంతా దాని మీద వేస్తే బండి తనంతట తానే వెనక్కి ఎక్కుతుంది. మే నెల ఎండకు మెత్తబడ్డ తారు మీద, వానకు నానిన మట్టి మీద సైడ్ స్టాండు కింద చదునైన రాయి పెట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ మెరుగైనవి బ్రేకులు. ముందు 300 మిల్లీమీటర్ల డిస్క్, వెనక 270 మిల్లీమీటర్ల డిస్క్, రెండు చక్రాలకూ ఏబీఎస్. తక్కువ ధర రకంలో వెనక డ్రమ్ము, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ ఉంటాయి. డబ్బు సర్దుకోగలిగితే రెండు చక్రాల ఏబీఎస్ ఉన్నదే తీసుకోవాలి, రంగు కోసం పెట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు. మన దగ్గర చాలామందికి ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామన్న భయం. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, అందుకే ఆపే పని ఎక్కువగా చేసేది ముందు బ్రేకే. ఖాళీ రోడ్డు మీద, బండి నిటారుగా ఉన్నప్పుడు, రెండు బ్రేకులూ కలిపి క్రమంగా గట్టిగా నొక్కడం సాధన చేయాలి. ఏబీఎస్ పనిచేసినప్పుడు లివర్ చేతికి టకటక తగులుతుంది. బెదిరి వదలకూడదు.

ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుందే గానీ పట్టులేని చోట పట్టు పుట్టించదు. మన పల్లె రోడ్లకు ఇది మరీ ముఖ్యం. కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు, మొక్కజొన్న ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే, బండి వంచితే జారడమే. రాత్రిపూట కుప్పల మీద నల్ల టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. హెడ్‌లైటు వెలుగులో ఆ నల్లటి పట్టా రోడ్డులో కలిసిపోతుంది, దగ్గరికి వచ్చేదాకా రాయి కనిపించదు. రైతును తిట్టి లాభం లేదు, కల్లం లేనివాడికి రోడ్డే దిక్కు. ఆ నెలల్లో పల్లె దారుల్లో చీకటి పడ్డాక 40 దాటకపోవడం ఒక్కటే మార్గం. నాట్ల కాలంలో ట్రాక్టర్లు పొలం నుంచి తెచ్చి రోడ్డు మీద రాల్చిన బురద కూడా ఇంతే ప్రమాదం, తొలి చినుకులకు అది సబ్బులా జారుతుంది.

ఘాట్ రోడ్లలో ఈ ఇంజిను మంచితనం బయటపడుతుంది. అరకు ఎక్కేటప్పుడో, మన్ననూరు దాటి నల్లమలలో శ్రీశైలం వైపు వెళ్లేటప్పుడో, మూడో గేరులో పెట్టి వదిలేస్తే మలుపు తర్వాత మలుపు అదే లాక్కుపోతుంది. దిగేటప్పుడు న్యూట్రల్ చేసి పెట్రోలు ఆదా చేయాలనుకోవడం తప్పు. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకులు వేడెక్కవు. ఫ్రేము కొత్తగా గట్టిపడటం వల్ల మలుపులో పాత బండిలా వెనక భాగం నలిగినట్టు ఊగదు. మలుపుకు ముందే వేగం తగ్గించి, లోపల యాక్సిలరేటర్‌ను సమంగా ఉంచాలి.

పుల్లల చక్రాలు ఈ రూపానికి అందం, వాటిలో మాత్రం ట్యూబు ఉంటుంది. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోవచ్చు, వెనక చక్రం విప్పడం దారిలో తేలిక కాదు. అల్లాయ్ చక్రాల రకాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు వస్తాయి. రాత్రి డ్యూటీలు, ఒంటరి ప్రయాణాలు ఉన్నవారికి అందం కంటే అల్లాయ్ మేలు.

మిగతా సంరక్షణ పెద్ద పని కాదు. గొలుసుకు సుమారు 500 కిలోమీటర్లకోసారి తుడిచి నూనె పట్టించాలి, వానలో తడిస్తే ఇంకా ముందే. బండిని నిటారుగా నిలిపి గాజు కిటికీలో ఆయిలు మట్టం చూడాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిపించాలి. ట్యాంకు 13 లీటర్లు, ఒద్దికగా నడిపితే లీటరుకు 35 కిలోమీటర్ల ప్రాంతంలో ఇస్తుంది.

సైలెన్సరు విషయం గట్టిగా చెప్పవలసి ఉంది. కొత్త క్లాసిక్ చప్పుడు పాతదానికంటే మెత్తగా ఉంటుందన్నది నిజమే. చప్పుడు పెంచడం కోసం బయట దొరికే గొట్టాలు బిగించి వీధంతా అదరగొట్టడం శౌర్యం కాదు, పొరుగువారి మీద దౌర్జన్యం. పక్క ఇంట్లో పసిబిడ్డ, పై అంతస్తులో గుండె జబ్బు మనిషి ఉంటారు. చట్టం కూడా ఒప్పుకోదు. మన నగరాల్లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను ఊడబెరికి రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించడం మామూలైంది. ఇంజెక్షన్ ఇంజిను తనకిచ్చిన సైలెన్సరుకు సరిపడా పెట్రోలు కొలుచుకుంటుంది. గొట్టం మారిస్తే ఆ లెక్క చెడుతుంది.

వెనక కూర్చునేవారి సంగతి బండి కొనేటప్పుడే ఆలోచించాలి. అందం తగ్గుతుందని శారీ గార్డు తీసేయించేవారు ఉన్నారు. వెనక చక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పే రక్షణ, పట్టుకునే పిడి, పాదాలు ఆనించే చోటు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 చెబుతోంది. చున్నీ కొస పుల్లల్లో చిక్కితే ఏం జరుగుతుందో ఏ ఆసుపత్రి క్యాజువాల్టీలో అడిగినా చెబుతారు. ఇద్దరు ఎక్కేటప్పుడు వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగును ఒకటి రెండు మెట్లు బిగించాలి, ఆరు మెట్లున్నాయి. వెనక టైరులో గాలి కూడా మాన్యువల్ చెప్పిన మేరకు పెంచాలి. హెల్మెట్ ఇద్దరికీ తప్పనిసరి. ఐఎస్ఐ గుర్తు ఉన్నదై, గడ్డం కింద పట్టీ బిగించి ఉంటేనే అది హెల్మెట్.

షోరూము నుంచి బండి తెచ్చే రోజు శారీ గార్డు ఉందో లేదో చూసుకుని, సైలెన్సరు జోలికి పోకుండా, రెండు మంచి హెల్మెట్లు కొనుక్కుని ఇంటికి రావాలని కోరిక.

ఆశీస్సులతో,
పెదనాన్న