విరిగిన బోల్టు ఊడిరావాలంటే

పాత కారు ఇంజను విప్పేటప్పుడు మెకానిక్కును ఎక్కువగా భయపెట్టేది ఏ పెద్ద భాగమో కాదు, వేలెడంత బోల్టు! పానా వేసి తిప్పుతూ ఉండగా అది 'టక్'మని విరుగుతుంది. సగం ముక్క ఇంజనులోనే ఉండిపోతుంది. దాన్ని తీయబోయి రంధ్రాన్ని పాడుచేస్తే, ఖరీదైన సిలిండర్ హెడ్డునే మార్చవలసి రావచ్చు. ఇక్కడ కండబలం పనిచేయదు. మీరు తరగతిలో చదువుకునే సైన్సు పనిచేస్తుంది. ఎలాగో చూద్దాం.

ఎందుకు బిగుసుకుంటుంది?

అంబాసిడర్ కారును ఉదాహరణగా తీసుకుందాం. దీని తయారీ 2014లో ఆగిపోయింది. పాత అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో సిలిండర్ హెడ్డు పోత ఇనుముతో చేసినది. కాలిన వాయువులను బయటికి పంపే గొట్టాన్ని ఉక్కు బోల్టులతో దానికి బిగిస్తారు. తల లేని ఈ రకం బోల్టును మెకానిక్కులు 'స్టడ్డు' అంటారు.

ఇంజను నడిచేటప్పుడు స్టడ్డు బాగా వేడెక్కుతుంది. ఆపితే చల్లారుతుంది. అప్పుడు గాలిలోని తేమ మరల సందుల్లోకి చేరుతుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుందని మీకు తెలుసు. ఆ తుప్పు, తాను ఏ ఇనుము నుండి పుట్టిందో దానికంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఇరుకు సందులో అంత చోటు ఎక్కడిది? అందుకే అది మరల మధ్య చీల దిగగొట్టినట్లు బిగుసుకుపోతుంది. మరోపక్క తుప్పు తిన్న స్టడ్డు సన్నబడుతుంది. పట్టు పెరిగి, బలం తగ్గితే విరగక ఏమవుతుంది?

విరగడంలోనూ ఒక మేలున్నది. బిగించి ఉన్న బోల్టు స్ప్రింగులాగా కొద్దిగా సాగి ఉంటుంది. ఆ లాగుడు వల్లనే మరలు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకుంటాయి. బోల్టు విరగగానే ఆ లాగుడు పోతుంది. ఇక ముఖ్యంగా జయించవలసింది తుప్పునే.

నూనె, సుత్తి, మంట

మొదట పలుచని నూనె వేసి, ఒక రాత్రి వదిలివేస్తారు. దీపపు వత్తిలో నూనె పైకి పాకినట్లే, ఇది సన్నని సందుల్లోకి పాకుతుంది. దీనినే కేశనాళికీయత అంటారు. తరువాత సుత్తితో మెల్లగా తడతారు. తుప్పు పెళుసైనది కనుక పగుళ్లు తీస్తుంది. ఆ పగుళ్లలోకి నూనె మరికొంత దిగుతుంది.

అప్పటికీ కదలకపోతే, నూనెను శుభ్రంగా తుడిచి, చుట్టూ ఉన్న లోహాన్ని మంటతో వేడి చేస్తారు. మరి లోహం వ్యాకోచిస్తే రంధ్రం చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? పెద్దదే అవుతుంది! బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు దాన్ని ఎర్రగా కాల్చేది ఇందుకే గదా.

10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పోత ఇనుమును 200 డిగ్రీల సెల్సియస్ మేరకు వేడి చేస్తే రంధ్రం పెరిగేది సుమారు 0.02 మిల్లీమీటరు మాత్రమే. లోపలి స్టడ్డు అంతగా వేడెక్కకముందే తిప్పితే, ఈ కొద్దిపాటి సందు కూడా తుప్పు పట్టు విడిపించడానికి సాయపడుతుంది. అల్యూమినియం ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కనుక అల్యూమినియం హెడ్డులో మంట మరింత బాగా పనిచేస్తుంది.

ఎదురు మరల ఉపాయం

ముక్క పైకి కనిపిస్తూ ఉంటే దానిమీద ఒక నట్టు పెట్టి వెల్డింగు చేసి, పానాతో తిప్పవచ్చు. వెల్డింగు వేడి కూడా తుప్పు పట్టును సడలిస్తుంది.

ముక్క లోపలే ఉంటే? సరిగ్గా దాని నడుమ గుర్తు కొట్టి, సన్నని రంధ్రం వేస్తారు. అందులోకి 'ఎక్స్‌ట్రాక్టర్' అనే పనిముట్టును దింపుతారు. ఇది కొన వైపు సన్నబడుతూ ఉంటుంది. దీని మరలు మామూలు మరలకు ఎదురుగా ఉంటాయి. అపసవ్య దిశలో తిప్పిన కొద్దీ ఇది ముక్కలోకి ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. మామూలు బోల్టు ఊడేది కూడా అపసవ్య దిశలోనే. కాబట్టి చివరికి ముక్క దానితోపాటే తిరిగి బయటికి వస్తుంది.

కాని జాగ్రత్త! ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి ఉక్కు. గట్టిది తరచు పెళుసుగా ఉంటుంది. మొండిగా తిప్పితే అది కూడా లోపలే విరుగుతుంది. అప్పుడు మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. ఒక కష్టం రెండవుతుంది. అందుకే అనుభవమున్న మెకానిక్కు బోల్టు కదలకపోతే బలం పెంచడు, మళ్లీ నూనెకూ మంటకూ వెళతాడు.

మీరూ చేసి చూడండి

మంట, వెల్డింగు పెద్దల పని. మీరు ఇంట్లో చేయదగినది ఒకటుంది. ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన రెండు స్టీలు గ్లాసులు తీసుకోండి. లోపలి గ్లాసులో చల్లని నీళ్లు పోసి, బయటి గ్లాసును చేయి ఓర్చుకోగల వేడినీళ్లలో ఉంచండి. కాసేపాగి మెల్లగా తిప్పి లాగండి. ఏ గ్లాసు వ్యాకోచించింది? ఏది సంకోచించింది? లోపల వేడినీళ్లు, బయట చల్లని నీళ్లు ఉంచితే ఏమవుతుంది? ముందు ఆలోచించి జవాబు రాసుకోండి. తరువాతనే చేసి చూడండి.

ఇక స్టడ్డు విషయం. కొత్తదాన్ని బిగించేముందు మరలకు వేడిని తట్టుకునే గ్రీజు పూసి, దానిపై ఇత్తడి నట్టు వాడడం మంచిది. ఇత్తడికి ఇనుములాగా తుప్పు పట్టదు. అప్పుడు పదేళ్ల తరువాత ఆ ఇంజను విప్పేవాడికి ఈ శ్రమ తప్పుతుంది.