నీళ్ల కింద రెక్కలు

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం రాసే వంతు నాకు వచ్చింది. పడవ ఎగురుతుంది అని చెప్తే మా రూములో అందరూ నవ్వారు. నవ్విన వాళ్లు చివరి దాకా చదవండి.

కాటమరాన్ అంటే ఏమిటి?

రెండు పడవలను పక్కపక్కన పెట్టి కలిపి కట్టినట్టు ఉండేది కాటమరాన్. మూడు ఉంటే ట్రైమరాన్. ఈ పేరు తమిళంలో కట్టుమరం అనే మాట నుంచి వచ్చింది. కట్టిన మాను అని అర్థం. మన సముద్రతీరంలో జాలర్లు దుంగలు కట్టి చేసే తెప్ప కూడా అలాంటిదే. పోటీ పడవలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి పెద్ద తెరచాప కట్టినా సులువుగా ఒరగవు. కానీ నీళ్లు వాటిని వెనక్కి పట్టి లాగుతాయి. నీళ్లు గాలి కంటే సుమారు 800 రెట్లు చిక్కన. అందుకే పడవ కింద రెక్కలు పెట్టి, పడవను నీళ్ల పైకి లేపుతారు. ఆ రెక్కనే హైడ్రోఫాయిల్ అంటారు.

ఎలా లేస్తుంది?

కంచాలు కడిగేటప్పుడు తొట్టిలో కంచాన్ని ముంచి పడుకోబెట్టి పట్టుకోండి. ముందు అంచు కొంచెం ఎత్తి ముందుకు తొయ్యండి. కంచం పైకి లేస్తుంది. ఎక్కువ ఎత్తితే లేవడం తగ్గి, చెయ్యి బరువెక్కుతుంది. (మేడం గారూ, నీళ్లు పారబొయ్యము, కోప్పడకండి.)

పెద్ద రెక్కా? చిన్న రెక్కా?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేగం రెండింతలు అయితే లేపే బలం నాలుగింతలు అవుతుంది. అంటే 10 నాట్ల వేగంలో పడవను లేపడానికి ఎంత రెక్క కావాలో, 20 నాట్లలో అందులో పావు వంతు చాలు. (నాట్లు అంటే వరి నాట్లు కాదు! ఒక నాటు గంటకు 1.85 కిలోమీటర్లు.) పెద్ద రెక్క అయితే తక్కువ గాలిలోనే లేస్తుంది గానీ, వేగం వచ్చాక మిగతా ముప్పావు రెక్క ఊరికే ఈడ్పు. చిన్న రెక్క బాగా పరిగెడుతుంది గానీ, గాలి లేని రోజు లేవనే లేవదు, ఒట్టి బరువు.

ఆకారంలో కూడా ఇదే తంటా. ఏటవాలు రెక్క నీళ్లను చీల్చుకుని పైకి వస్తుంది. పడవ లేచిన కొద్దీ నీళ్లలో రెక్క తగ్గుతుంది, అందుకని ఎత్తు దానంతట అదే సరిపోతుంది. కానీ పైనుంచి గాలి రెక్క వెంట లోపలికి జొరబడితే బలం పోతుంది. పూర్తిగా మునిగిన రెక్కకు ఆ భయం తక్కువ. కానీ ఎత్తు సంగతి దానికి తెలియదు. వాలు ఎప్పటికప్పుడు సరిచెయ్యాలి.

సన్న రెక్కకు ఈడ్పు తక్కువ, కానీ వంగుతుంది. మందం రెక్క గట్టిది, కానీ ఈడ్పు ఎక్కువ. పైగా 50 నాట్ల దగ్గరకు వచ్చేసరికి రెక్క పైభాగాన పీడనం బాగా పడిపోయి, వేడి లేకుండానే నీళ్లు మరిగినట్టు ఆవిరి బుడగలు లేస్తాయి.

జరిగిన సంగతులు

ఫ్రాన్సు దేశంలో ఇడ్రోప్టేర్ అనే ట్రైమరాన్‌కు ఏటవాలు రెక్కలు. అది 2008 డిసెంబరులో 50 నాట్లు దాటి పోతూ బోల్తా కొట్టింది. బాగు చేసి మళ్లీ దించారు. 2009లో 1852 మీటర్ల దూరం సగటున 50.17 నాట్ల వేగంతో పోయింది. అంటే గంటకు 93 కిలోమీటర్లు! 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికా కప్ పోటీలో 22 మీటర్ల కాటమరాన్లు ఎగిరాయి.

2024లో షార్ల్ కోద్రెలియే అనే ఆయన 32 మీటర్ల ఎగిరే ట్రైమరాన్‌లో ఒక్కడే ప్రపంచం చుట్టి వచ్చాడు. 50 రోజుల 19 గంటలు పట్టింది. ముందు తుఫాను ఉందని అజోర్స్ దీవుల దగ్గర ఆగాడు కూడా. ఆగినా ఆయనే మొదట వచ్చాడు.

నాన్న చెప్పిన మాట

మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. సెలవుల్లో ఈ పాఠం నాన్నకు చెప్పాను. అర్థం కాదేమో అనుకున్నాను. నాన్న నవ్వి, "ఇది కర్రు లెక్కే గదా బిడ్డా. మేడి ఎత్తితే కర్రు లోతుకు పోతది, ఎడ్లు అలిసిపోతయి. మేడి నొక్కితే పైపైన గీసుకుంట పోతది. ఏ చేనుకు ఎంత లోతో ముందు చూసుకోవాలె" అన్నాడు. నాకు సిగ్గేసింది. నేను పుస్తకంలో చదివింది నాన్న చేతికి ముందే తెలుసు.

అన్నిటికీ మంచిదైన రెక్క ఒక్కటీ లేదు. ఏ గాలికి, ఏ అలకు, ఎంత దూరానికి అని ముందు అడగాలి. ఏది వదులుకోవాలో తర్వాత తేల్చుకోవాలి.

మీకు ప్రశ్న: వేగం మూడింతలు అయితే ఎంత రెక్క చాలు? జవాబు వచ్చే పత్రికలో.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి చెల్లెలు