ఫ్లాటు యజమాని – భవన నియమావళి

పాఠ్యభాగ ఉద్దేశం

నగరాలలో అపార్టుమెంటు నివాసం సర్వసాధారణమైంది. తన ఫ్లాటును కొద్దిరోజుల కోసం ఇతరులకు అద్దెకు ఇవ్వదలచిన యజమాని ముందుగా తెలుసుకోవలసిన నియమాలను, వాటి వెనుక ఉన్న సామాజిక బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

‘అతిథి’ అంటే తిథి నియమం లేకుండా వచ్చేవాడని వ్యుత్పత్తి. చెప్పకుండా వచ్చినవానిని కూడ ఆదరించడం గృహస్థ ధర్మమని మన పూర్వులు భావించారు. అయితే ఊరుకాని ఊరిలో అందరికీ బంధువుల ఇళ్ళు ఉండవు. అందువల్ల సత్రాలు, పూటకూటి ఇళ్ళు వెలిశాయి. ఓరుగల్లు నగర జీవితాన్ని చిత్రించిన ‘క్రీడాభిరామం’లో రూకకు భోజనం పెట్టే పూటకూటి ఇంటి ప్రస్తావన ఉంది. హైదరాబాదులో 1918లో స్థాపించిన రెడ్డి హాస్టలు గ్రామాల నుండి చదువు కోసం వచ్చిన విద్యార్థులకు నీడనిచ్చింది. ఇవన్నీ బస కోసమే ఏర్పడినవి. కుటుంబాల నివాసం కోసం కట్టిన భవనంలో బస కల్పించాలంటే మాత్రం సమస్య వేరుగా ఉంటుంది.

హైదరాబాదులోని గాంధీనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాలను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అశోక్‌నగర్ పోటీ పరీక్షల శిక్షణ సంస్థలకు ప్రసిద్ధి. జిల్లాల నుండి ఉద్యోగార్థులు ఇక్కడికి నిరంతరం వస్తూ ఉంటారు. వారిలో కొందరికి ఏడాది పొడవునా ఉండే హాస్టలు అవసరం లేదు. పరీక్షకు ముందు పదిహేను రోజులు ప్రశాంతంగా చదువుకొనే గది చాలు. మరొక వైపు, పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా ఖాళీగా ఉన్న ఫ్లాటు మీద కొంత ఆదాయం ఆశించే విశ్రాంత ఉద్యోగులు ఉన్నారు. ఇరువురి అవసరమూ న్యాయమైనదే. కాని ఆ భవనంలోనే నివసించే ఇరుగుపొరుగువారు ఈ వ్యవహారంలో మూడవ పక్షం. వారిని మరచినప్పుడే వివాదం మొదలవుతుంది.

ఒక యజమాని ఎవరికీ చెప్పకుండా తన ఫ్లాటును నలుగురు అభ్యర్థులకు పదిరోజుల కోసం ఇచ్చాడని అనుకుందాం. ఇటువంటి అద్దెలు కూడదని సంఘం అంతకుముందే తీర్మానించి ఉన్నది. రాత్రివేళ కొత్త ముఖాలు చూసి కాపలాదారు అడ్డగిస్తాడు. సంఘం సభ్యులు యజమానిని నిలదీస్తారు. యజమాని అద్దె తిరిగి ఇచ్చి తప్పుకోగలడు. మరునాడు పరీక్ష వ్రాయవలసిన విద్యార్థి మాత్రం పెట్టె పట్టుకొని వీధిలో నిలబడవలసి వస్తుంది. నియమావళిని ముందుగా చదవకపోవడం వల్ల ఎక్కువగా నష్టపోయేది, ఆ నియమావళిని చూసే అవకాశమే లేని ఈ మూడవ ఊరి మనిషి.

‘నా ఇల్లు నా ఇష్టం’ అనే మాట అపార్టుమెంటులో పూర్తిగా చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్టుమెంట్ల నిర్మాణ ప్రోత్సాహం, యాజమాన్య చట్టం ప్రకారం ఫ్లాటుపై యజమానికి ప్రత్యేక హక్కు ఉంటుంది. స్థలం, మెట్లు, లిఫ్టు, నడవాలు మొదలైన ఉమ్మడి భాగాలలో మాత్రం అతనికి ఉండేది అవిభక్త వాటా. యజమానులందరూ కలిసి ఏర్పరచుకొన్న సంఘం నియమావళికి ప్రతి యజమానీ బద్ధుడు. కొద్దిరోజుల కోసం వచ్చినవారు ఫ్లాటులో ఉన్నా, వాడేది అందరి లిఫ్టును, అందరి నీటిని. కనుక ఇతరులకు మాట చెప్పే హక్కు ఏర్పడుతుంది.

అద్దెకు ఇవ్వదలచిన యజమాని మొదట తన విక్రయ దస్తావేజును, భవనం ఆమోదిత ప్లానును పరిశీలించాలి. భవనం కేవలం నివాసం కోసమే అనుమతి పొందిందా అన్నది అందులో తెలుస్తుంది. తరువాత సంఘం నియమావళిని, సర్వసభ్య సమావేశాల తీర్మానాలను చదవాలి. అద్దె కనీస కాలవ్యవధి, ఫ్లాటులో ఉండదగినవారి సంఖ్య, బయటివారి రాకపోకలు, వాహనాలు నిలిపే స్థలం – ఈ నాలుగు విషయాలను ప్రత్యేకంగా గమనించాలి. నియమావళిలో ప్రస్తావన లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్లు భావింపరాదు. సంఘాన్ని లిఖితపూర్వకంగా అడిగి, సమాధానాన్ని కూడ లిఖితపూర్వకంగా పొందడం క్షేమం. ఫ్లాటుపై బ్యాంకు రుణం ఉంటే రుణ పత్రంలోని షరతులను కూడ చూడాలి. అద్దెకు ఉంటున్న వ్యక్తి మరొకరికి ఇవ్వదలచితే అసలు యజమాని లిఖిత సమ్మతి తప్పక తీసుకోవాలి.

ఒప్పంద స్వరూపాన్ని కూడ తెలుసుకోవలసి ఉంటుంది. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించాలి కాబట్టి మన దేశంలో పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. అద్దెదారుకు ఆస్తిని అనుభవించే హక్కు సంక్రమిస్తుంది. బసకు వచ్చినవారికి సాధారణంగా ఉండేది అనుమతి మాత్రమే. మొదటిదానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, రెండవదానికి అదే సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టం ఆధారం. నివాసానికీ, నివాసేతర వినియోగానికీ ఆస్తి పన్ను లెక్క వేరుగా ఉంటుంది. వచ్చినవారి గుర్తింపు పత్రాల వివరాలు నమోదు చేసుకోవడం భద్రతకు అవసరం. విదేశీయులు బస చేస్తే ఆ సంగతిని అధికారులకు నివేదించడం యజమాని విధి.

ఈ సమస్య మన నగరానికే పరిమితం కాదు. తెలుగువారు గణనీయంగా నివసించే న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీలో 2019 నవంబరులో ఓటర్లు స్వల్పకాలిక అద్దెలపై ఆంక్షలను ఆమోదించారు. న్యూయార్కు నగరంలో 2023 సెప్టెంబరు నుండి 30 రోజులకు లోబడిన అద్దెలకు నమోదు నిబంధన కఠినంగా అమలవుతున్నది. అక్కడ యజమాని కూడ అదే ఇంటిలో ఉండాలి. అతిథులు ఇద్దరికి మించరాదు.

సంఘానికి కూడ బాధ్యత ఉంది. అధ్యక్షుని నోటిమాట నియమం కాదు. నియమం సక్రమంగా సమావేశంలో ఆమోదం పొంది, అందరికీ ఒకే విధంగా వర్తించాలి. వచ్చినవారి నీటిని, విద్యుత్తును నిలిపివేసి వెళ్ళగొట్టడం నాగరికం కాదు. తగవు యజమానితో తేల్చుకోవాలి. నిషేధం ఒక్కటే మార్గమూ కాదు. అద్దె కనీస వ్యవధి, ముందస్తు సమాచారం, నిశ్శబ్దం పాటించవలసిన వేళలు నిర్ణయించి అనుమతించవచ్చు. అప్పుడు యజమానికి ఆదాయం, పొరుగువారికి భద్రత, దూరం నుండి వచ్చిన విద్యార్థికి నిశ్చింతగా నిద్రించే చోటు లభిస్తాయి.

కఠిన పదాలకు అర్థాలు

వ్యుత్పత్తి = పదం పుట్టిన విధం
రూక = పూర్వకాలపు నాణెం
అవిభక్త = విభజింపబడని
బద్ధుడు = కట్టుబడినవాడు
సమ్మతి = అంగీకారం
సంక్రమించు = లభించు

ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్న
1. ఫ్లాటును స్వల్పకాలిక అద్దెకు ఇచ్చే ముందు యజమాని పరిశీలించవలసిన అంశాలను వివరించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ‘నా ఇల్లు నా ఇష్టం’ అనే మాట అపార్టుమెంటులో ఎందుకు పూర్తిగా చెల్లదు?
2. నియమావళిని చదవకపోవడం వల్ల ఎక్కువగా నష్టపోయేది ఎవరు? ఎందుకు?
3. సంఘం పాటించవలసిన మర్యాదలు ఏవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘అతిథి’ పదానికి వ్యుత్పత్తి ఏమిటి?
2. రెడ్డి హాస్టలు ఏ సంవత్సరంలో స్థాపితమైంది?