ముందు అమ్మమ్మ చేతిల పెట్టు

భువనగిరి

బంగారు తల్లీ చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు నీ పేరు వచ్చిందని, 10,000 రూపాయలు నీ ఖాతాల పడ్డయని. అమ్మమ్మ కోసం పల్లికాయ తెంపే మిషన్ చేస్తనని రాసి పంపినవట. ఎంత సంబురమైందో చెప్పలేను. పొద్దుగాల బడికి పోంగనే స్టాఫ్ రూముల అందరికీ చెప్పిన. మీ పెద్దనాయినైతే చెప్పకముందే మిఠాయి పట్టుకొచ్చిండు.

అదే ఫోన్‌ల మీ అమ్మ ఇంకో మాట కూడ అన్నది. హైదరాబాదుల ఎవరో రంగులేసి, లైట్లు పెట్టి, తయారు మోడళ్లు అమ్ముతరట. మంచిది ఒకటి కొనుక్కొస్తె జిల్లా ప్రదర్శనల ఎదురుండదని మీ నాయిన అంటున్నడట. నువ్వు కూడ సరే అన్నవట. ఆ మాట విన్నంక నాకు నిద్ర పట్టలే. ఎందుకట్ల అన్నవు బిడ్డా? ఆలోచన నీదై, వస్తువు ఇంకోళ్లదైతె ఎట్ల? కోపం చేసుకోకు. నీ మీద నమ్మకం లేకపోతే ఇంత ఉత్తరం రాయకపోదును.

ఈ పని నేను ఒకసారి చేసిన్నే. బడికి పేరు రావాలన్న తొందరల, నా దగ్గర చదివే పిలగానికి బజారుల దొరికిన మోడల్ కొనిచ్చి ప్రదర్శనకు తోలుకపోయిన. జడ్జి సారు వాణ్ని ఒక్కటే మాట అడిగిండు: "దీన్ని ఎవరన్న వాడి చూసిన్రా?" పిలగాడు జవాబు చెప్పలేక నా మొహం దిక్కు చూసిండు. సైన్సంటె పానం పెట్టేటోడు, ఆ ఏడంత మళ్ల ప్రయోగం జోలికి పోలే. తప్పు నాది, సిగ్గుపడ్డది వాడు. నీకు ఆ గతి రావద్దు.

'మల్లేశం' సినిమా యాదికున్నదా? 2019ల వచ్చింది, ప్రియదర్శి చేసిండు. దసరా సెలవులల్ల మా ఇంట్ల కూసొని చూసినం. నువ్వు చివరికి చప్పట్లు కొట్టినవు. ఆ సినిమా ఎవరి కథనో, ఆ మనిషిది మా పక్క ఊరే అనుకో. చింతకింది మల్లేశంది ఆలేరు దగ్గర శారాజీపేట. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు మా యాదాద్రి భువనగిరి జిల్లా. సినిమా రెండు గంటలల్ల అయిపోయింది గాని, నేతోళ్ల కోసం ఆ మిషన్ చేసేటందుకు ఆయన పడ్డ కష్టం ఏడేండ్లది. అది నీకు వివరంగ చెప్పాలె.

పోచంపల్లి చీర మీద ఆ పూలు, గళ్లు అద్దినవి కావు, మగ్గం మీదికి రాకముందే దారానికి కట్లు కట్టి రంగుల ముంచితె వచ్చినవి. కట్లు కట్టాలంటె దారం లెక్క ప్రకారం వరుసగ అమరాలె. అట్ల అమర్చుడే ఆసు పోసుడు. ఒక దిక్కు ఒక పుల్ల, ఎదురుంగ అర్ధచంద్రాకారంల పుల్లల వరుస. దారం పట్టుకొని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతనే ఉండాలె. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. నేతోళ్ల ఇండ్లల్ల ఈ పని ఎక్కువ ఆడోళ్లదే. వంటా వార్పూ, పిల్లలూ అన్నీ చూసుకుంటనే ఆసు పోయాలె. భుజాలు, మోచేతులు పడిపోయేవి.

మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి ఆ నొప్పితోనే బతికింది. కొడుకు ఆ నొప్పి చూసుకుంట పెరిగిండు. 1992ల ఆసు పోసే మిషన్ పని మొదలు పెట్టిండు. ఆరో తరగతితోనే బడి ఆగిపోయినోడు. ఒక భాగం కుదిరితె ఇంకోటి కుదరకపాయె. అప్పులైనయి. పని చెడగొట్టుకుంటున్నడని అన్నోళ్లే ఎక్కువ. హైదరాబాదుకు పోయి కరెంటు పనులు చేసుకుంట, మిగిలిన పైసలతోని సామాన్లు కొన్నడు. బాలానగర్‌ల పనికి పోయినప్పుడు అక్కడొక మిషన్ కదిలే తీరు చూసి, అన్నేండ్లు తనకు చిక్కని ఆఖరి కదలిక పట్టుకున్నడు. 1999ల ఆసు యంత్రం నడిచింది. నాలుగైదు గంటల పని గంటన్నరల అయింది. దానికి వాళ్లమ్మ పేరే పెట్టిండు, లక్ష్మి ఆసు యంత్రమని.

ఇప్పుడు సంవత్సరాలు చూడు తల్లీ. మిషన్ నడిచింది 1999ల. బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన అసొంటి సంస్థలు ఊర్లల్ల తిరిగి ఇట్లాంటోళ్లను వెతికి లోకానికి చూపెట్టినయి. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ జాతీయ అవార్డు 2009ల వచ్చింది. పద్మశ్రీ 2017ల. రాష్ట్రపతి భవన్‌ల ఆయన పేరు పిలిచేటప్పటికి 18 ఏండ్లయింది. ఆ నడుమ ఏండ్లల్ల ఆయన మిషన్ తయారు చేసుకుంట, దానికి మెరుగులు పెట్టుకుంట, నేతోళ్ల ఇండ్లకు చేరుస్తనే ఉన్నడు. అవార్డు రాకముందే ఎంతమంది అమ్మల చేతులకు సుఖమైందో ఆలోచించు. నేను చెప్పాలనుకున్న మాట ఇదొక్కటే. ఎవరి నొప్పి తగ్గించాలని మొదలు పెట్టినవో, ఆ మనిషి ముందు ఒప్పుకోవాలె. జడ్జీలు తర్వాత.

నీకు తెల్వదేమో, మల్లేశంకు 2009ల అవార్డిచ్చిన ఆ ఫౌండేషనే ఇప్పుడు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖతోని కలిసి మీ మానక్‌ను నడుపుతున్నది. దేశమంత పిల్లల నుంచి 10 లక్షల ఆలోచనలు రావాలని వాళ్ల కోరిక. అండ్లకెల్లి లక్ష మందికి నీ లెక్కనే 10,000 రూపాయలు. ఆ లక్ష మంది జిల్లా, రాష్ట్రం దాటుకుంట పోతె, దేశం మొత్తం మీద ఆఖరికి మిగిలేది 60 మంది. భయపెట్టాలని కాదు. ఆ 60ల నీ పేరు లేకపోతే నీ ఆలోచన చిన్నదైపోదని చెప్తున్న. ఉంటె మాత్రం మొదలు ఎగిరేది మీ పెద్దమ్మనే.

ఇగ పని ముచ్చట. మన అమ్మమ్మను రేపు పల్లిచేను కాడ జర కూసొని చూడు. చెట్టు పీకినంక, చెట్టు చెట్టుకు కాయ తెంపేటప్పుడు ఏ వేలు ముందుగ నొస్తది? మట్టి తడిగ ఉంటె ఎట్ల, ఆరినంక ఎట్ల? కూసున్న చోటు నుంచి ఎన్నిసార్లు లేస్తది? ఎండకు ఎక్కడ జరుగుతది? ఇవన్నీ నోట్‌బుక్కుల తారీఖు వేసి రాయి. చెడిపోయిన ప్రయత్నం కూడ రాయి, బొమ్మ గీయి. చింపేయకు. అదే నీ సాక్ష్యం.

కాయ తెంపే పరికరాలు ఇంతకుముందే కొన్ని ఉన్నయి. తెల్వనట్టు ఉండకు, పోయి చూడు. మీకు దగ్గరనే పాలెంల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది కద, మీ సైన్సు సారును అడిగి ఆయనతోని పో. ఉన్నదాంట్ల అమ్మమ్మకు ఏది పనికి రాదో తెల్సుకుంటె, నువ్వు కొత్తగ చేయాల్సింది అక్కడనే దొరుకుతది. బరువు ఎక్కువా? ధర ఎక్కువా? నిలబడి తొక్కాల్నా? అరవై దాటిన మోకాళ్లకు నిలబడుడు కష్టం బిడ్డా.

ఆ 10,000 జాగ్రత్త. పాత సైకిల్ చక్రం, ఇనుప చువ్వలు పాత సామాన్ల దుకాణంల దొరుకుతయి. వెల్డింగు మాత్రం తెల్సినోళ్లతోని చేయించు, పక్కన నిలబడి ఎందుకట్ల అతికిస్తున్నరో అడుగు. అద్దాలు లేకుండ ఆ మంట దిక్కు చూడకు. తిరిగే చక్రం కాడ జడ, చున్నీ గట్టిగ కట్టుకో. మోటరు పెట్టాలనిపిస్తె సారు లేకుండ ముట్టకు. ఈ విషయంల నీ మొండితనం నేను వినను. నీ చేతులు నాకు అవార్డు కన్న ఎక్కువ.

ఇంకొకటి. ఆరో తరగతితోని బడి ఆగిన మనిషికి పద్మశ్రీ వచ్చిందని, లెక్కల పుస్తకం పక్కన పెడ్తవేమో అని నా బుగులు. ఆయన బడి ఇష్టంతోని ఇడువలే, ఇంటి పరిస్థితి ఇడిపించింది. బడిల దొరకాల్సినవి బయట ఒక్కొక్కటి వెతుక్కుంటనే ఏడేండ్లు పోయినయి. నీకు ఆ చదువు బడిలనే అందుతున్నది. చక్రం ఎన్ని పండ్లకు ఎంత తిరుగుతదో నీ లెక్కల టీచరమ్మే చెప్తది. అడుగు, సిగ్గుపడకు.

మీ నాయినతోని నేను మాట్లాడుత, తయారు మోడల్ వద్దని. నీ మీద ప్రేమతోనే అన్నడు, ఆయన మీద గుర్రుమనకు. నువ్వు చేసింది వంకరగున్నా, రంగు లేకున్నా ఫరవాలేదు. అమ్మమ్మ ఒక పూట దాంతోని పని చేసినంక ఏమన్నదో, ఆమె మాటలల్లనే కాగితం మీద రాసి మిషన్ పక్కన పెట్టు. "ఎవరన్న వాడి చూసిన్రా?" అని ఎవరడిగినా నీకు జవాబుంటది. బాగలేదన్నా అదే రాయి, ఎందుకు బాగలేదో, తర్వాత ఏం మార్చినవో రాయి.

ప్రదర్శన అయినంక నాకు ఫోన్ చేయి. ముందు అమ్మమ్మ ఏమన్నదో చెప్పు, జడ్జీల ముచ్చట తర్వాత విందాం. వేళకు తిను, పైలం బిడ్డా.

నీ
పెద్దమ్మ