దారిలో దీర్ఘశాంతము

పాఠ్యభాగము: యెహోషువ 22:10-34
తోడుగా చదువవలసినవి: సంఖ్యాకాండము 25:6-8, సామెతలు 18:13, మత్తయి 5:21-22, యాకోబు 1:19-20

నా తప్పిదము ఒకదానిని ఒప్పుకొనుటతో ఈ పాఠమును ప్రారంభించుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రితము ఒక ఆదివారము ఉదయమున, ఆరాధనకు ఆలస్యమగుచున్నదని, నా భార్యను స్కూటరుపై వెనుక కూర్చుండబెట్టుకొని హైదరాబాదు వీధులలో త్వరత్వరగా పోవుచుంటిని. ఒక యువకుడు మోటారుసైకిలుపై విడువక హారను మ్రోగించుచు మా వెంట వచ్చెను. నేను దారి ఇచ్చినను అతడు దాటిపోలేదు. నా ప్రక్కకు వచ్చి ఏదో కేకవేసి, చేతితో క్రిందికి చూపెను. వాహనముల రొదలో అతని మాట నాకు వినబడలేదు. నన్ను హేళన చేయుచున్నాడని తలంచి, వాక్యము బోధించువాని నోట రాదగని మాట నొకదానిని గట్టిగా అంటిని. అది మాత్రము అతనికి వినబడినది. అతని ముఖము చిన్నబోయెను. అయినను మరియొకసారి నా కాలివైపు చూపి, అతడు ముందుకు సాగిపోయెను. అప్పుడు నా భార్య, “స్టాండు దిగియే ఉన్నదండీ” అని చెప్పెను.

మరి కొంచెము దూరములో మేము ఎడమకు తిరుగవలసియుండెను. ప్రక్క స్టాండు దిగియుండగా ఎడమకు వంగిన బండి ఏమగునో స్కూటరు నడుపువారందరు ఎరుగుదురు. ఆనాడు మేము క్షేమముగా, సకాలమునకే ఆరాధనకు చేరితిమి. ఆ యువకునికి క్షమాపణ చెప్పుకొనుటకు మాత్రము నాకు నేటివరకు అవకాశము దొరకలేదు.

1. ఒకే గురుతు, రెండు అర్థములు

నా జీవితములో ఎక్కువ భాగము అనువాదకార్యములో గడచినది. ఒక మాటకు రెండు అర్థములున్నచోట తొందరపడు అనువాదకుడు తప్పక పొరపడును. దారిలో వాహనములు నడుపువారు ఒకరితో నొకరు గురుతులతో మాటలాడుదురు. ఆ గురుతులలో అనేకములకు ఒకటికంటె ఎక్కువ అర్థములు గలవు. హారను మ్రోగించుమని మన లారీల వెనుక వ్రాసియుండుట చూచుచునే యున్నాము. ఇక్కడ హారనునకు చాలమారులు, ‘నేనున్నాను, చూచుకొనుము’ అని మాత్రమే భావము. అమెరికాలో అదే శబ్దము గద్దింపుగా ఎంచబడునని అక్కడికి వెళ్లిన మన తెలుగు కుటుంబములవారు త్వరలోనే తెలిసికొందురు. ఎదుటి వాహనము దీపమును ఒక్కసారి వెలిగించి ఆర్పినయెడల మన దేశములో సాధారణముగా, ‘నేను వచ్చుచున్నాను, ఆగుము’ అని అర్థము. ఇంగ్లండులో అనేకులు, ‘మీరు ముందు వెళ్లుడి’ అను మర్యాదగా దానినే వాడుదురు. అంత దూరము పోనక్కరలేదు. మన రహదారిమీదనే ముందు పోవు లారీ కుడి దీపము వెలిగించినప్పుడు, అది కుడికి తిరుగబోవుచున్నదో, వెనుకవానిని దాటిపొమ్మని చెప్పుచున్నదో వెంటనే తెలియదు.

ఇంటిలోగాని సంఘములోగాని ఇట్టి సందేహము కలిగినయెడల ఎదుటివాని ముఖము చూచెదము, మరల అడిగెదము. దారిలో మనకు ముఖము కనబడదు. ఇనుపరేకును, దానిపైనున్న నంబరును మాత్రమే కనబడును. కనబడని ముఖమును మనమే ఊహించుకొందుము. తప్పు మనదైనప్పుడు పరిస్థితులను చెప్పుకొందుము: గుంట అడ్డము వచ్చినది, ఇంటిలో బిడ్డకు జ్వరము, బ్రేకు సరిగా పడలేదు. అదే తప్పు ఎదుటివాడు చేసినయెడల అతని స్వభావమునే నిందింతుము: పొగరుబోతు, త్రాగుబోతు, మనుష్యులంటే లెక్కలేనివాడు. మానవులలోని ఈ వాడుకకు లీ రాస్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఒక శాస్త్రీయ నామము పెట్టెను. కారణమును ఆపాదించుటలోని మూలదోషము అని దానిని తెలుగులో చెప్పవచ్చును. పేరు క్రొత్తది గాని దోషము ప్రాచీనమైనది.

2. నది ఒడ్డున కట్టిన బలిపీఠము

మన పాఠ్యభాగములో ఒక గురుతును తప్పుగా చదివినందున ఇశ్రాయేలీయులు తమలో తాము యుద్ధము చేసికొనుటకు సిద్ధపడిరి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు తమ స్వాస్థ్యమునకు తిరిగి వెళ్లుచు, యొర్దాను దగ్గర దూరమునకు కనబడునంతటి పెద్ద బలిపీఠమును కట్టిరి. ఆ వార్త తక్కిన గోత్రములవారి చెవిని పడెను. దేవుడు నియమించిన స్థలమును విడిచి వీరు వేరు బలిపీఠము కట్టిరనియు, ఇది తిరుగుబాటేననియు తలంచి, వారు యుద్ధమునకై షిలోహులో కూడిరి.

వారి కోపము నిష్కారణమైనది కాదు. పెయోరు విషయమైన తెగులును, ఆకాను అపరాధమును వారు ఇంకను మరువలేదు. కొందరి దోషము సమాజమంతటికి నాశనము తెచ్చుట వారు చూచిరి. మన కోపమునకును తరచుగా పాత గాయమొకటి తోడుగా ఉండును. నిన్న ఒకడు మన బండిని గీసి, నిలువక వెళ్లిపోయెను. నేడు మరియొకడు దగ్గరగా వచ్చినప్పుడు నిన్నటివాని అప్పును ఇతనియొద్ద వసూలు చేయజూతుము.

3. ఈటె పట్టినవాడు వినుటకు పోయెను

అయితే షిలోహులో కూడినవారు సైన్యముకంటె ముందుగా మనుష్యులను పంపిరి. యాజకుడైన ఎలియాజరు కుమారుడగు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులును నది దాటిరి. ఈ ఫీనెహాసు ఎవడు? సంఖ్యాకాండము 25వ అధ్యాయములో ఈటె చేతపట్టుకొని వెళ్లి ఇద్దరిని పొడిచినవాడు ఇతడే. రోషమునకు పేరుపొందినవానినే ఈ విచారణకు ప్రతినిధిగా పంపిరి. రోషము గలవాడు వినలేడని మనము అనుకొందుము. ఇతడు విన్నాడు.

వారి మొదటి మాటలు మృదువైనవి కావు. అవి ప్రశ్న రూపములో నున్న నేరారోపణలే. అయినను వారు రెండు మంచి పనులు చేసిరి. మొదటిది, మీ దేశము మీకు అపవిత్రముగా తోచినయెడల మా మధ్యకు వచ్చి స్వాస్థ్యము పొందవచ్చునని తమ భూమిలో పాలు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. రెండవది, ప్రత్యుత్తరము ముగియువరకు ఆలకించిరి. ప్రశ్న కరకుగా నుండినను జవాబునకు చోటుండెను.

ఆ జవాబేమి? ఆ పీఠము బలులకొరకు కట్టినది కాదు. యొర్దాను అడ్డముగా నున్నందున, రాబోవు కాలములో ఆవలివారి పిల్లలు తమ పిల్లలను యెహోవాయందు పాలులేనివారని త్రోసివేయుదురేమో యని భయపడి, ఇరుపక్షములకును సాక్షిగా వారు దానిని కట్టిరి. విడిపోవుటకు గురుతని వీరు తలంచినది, విడిపోకుండుటకు వారు కట్టుకొనిన గురుతు! ఫీనెహాసు సంతోషించెను. యుద్ధపుమాట అంతటితో ముగిసెను. ఒక్క ప్రశ్న అడుగకుండ సైన్యము నది దాటియుండినయెడల, ఐక్యతను కోరినవారే ఐక్యత పేరట చంపబడియుందురు.

ఈ భాగము చదువునప్పుడెల్ల ఆ మోటారుసైకిలు యువకుడు నాకు జ్ఞాపకమునకు వచ్చును. నన్ను అవమానించుచున్నదని నేను తలంచిన ఆ చేయి నన్ను పడకుండ కాపాడుటకు చాపబడినది.

4. ముక్కుమీది కోపము

హెబ్రీ భాషలో ‘అఫ్’ అను మాటకు ముక్కు అనియు, కోపము అనియు అర్థములు గలవు. కోపగించినవాని ముక్కుపుటములు అదరుటనుబట్టి ఈ వాడుక కలిగినదని చెప్పుదురు. ఇది తెలుగువారికి వింతగా తోచదు. త్వరగా కోపించువానికి ముక్కుమీద కోపమని మనమును అందుము గదా! దీనికి భిన్నముగా దేవుని గుణమును చెప్పునప్పుడు పాతనిబంధన ‘ఎరెక్ అప్పయీమ్’ అను మాట వాడును. అక్షరార్థము చూచినయెడల, ముక్కు పొడవైనవాడని. అనగా కోపము బయటికి రావలెనంటే చాల దూరము నడువవలెను. క్రొత్తనిబంధనలోని గ్రీకు పదము ‘మక్రోథుమియ’ యందును పొడవు అను భావమే గలదు. మన తెలుగు బైబిలు దీర్ఘశాంతమని చక్కగా తర్జుమా చేసినది.

కాబట్టి దీర్ఘశాంతమనగా కోపమే రాకుండుట యని తలంచి, మనకు అది అసాధ్యమని నిరాశపడనక్కరలేదు. గురుతును చూచుటకును చేయి ఎత్తుటకును మధ్యనున్న దారిని పొడిగించుటయే దీర్ఘశాంతము. షిలోహునుండి గిలాదుకు ఫీనెహాసు చేసిన ప్రయాణమంత పొడవు చాలును.

5. దారి పొడవు చాలనప్పుడు

1988 డిసెంబరు 27న పంజాబులోని పాటియాలా పట్టణమున, దారికి అడ్డముగా నున్న వాహనమును తీయుమను విషయమై మాటామాటా పెరిగినది. ప్రసిద్ధ క్రికెట్ ఆటగాడొకడు 65 ఏండ్ల వృద్ధుని కొట్టెను. వృద్ధుడు మరణించెను. ఆ మరణమునకు ఆ దెబ్బ ఎంతవరకు కారణమను వాదము ఏండ్లతరబడి సాగినది. 1999లో క్రింది కోర్టు ఆ ఆటగాని విడిచిపెట్టెను. 2006లో హైకోర్టు శిక్షించెను. 2018లో సుప్రీంకోర్టు కొట్టిన నేరమునకు మాత్రము 1000 రూపాయల జుల్మానా విధించెను. 2022 మే 19న అదే కోర్టు పునస్సమీక్షించి ఒక సంవత్సరము జైలుశిక్ష విధించెను. దృఢకాయుడైన ఆటగాని చేయియే ఆయుధము కాగలదని న్యాయమూర్తులు తలంచిరి. కొన్ని నిమిషముల తగవు రెండు కుటుంబములను 33 ఏండ్లకు పైగా కోర్టులకు త్రిప్పినది.

ఒక్కని కోపమువలెనే గుంపు కోపమును గురుతును తొందరగా చదువును. ప్రమాదము జరిగినచోట పెద్ద వాహనము నడుపువాడే దోషియని విచారణకు ముందే తీర్పుచేసి, అతనిని లాగి కొట్టుట మన దేశములో అపరూపము కాదు. 1988 మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను, గాయపడినవానికి వైద్యసహాయము కలుగజేయుట డ్రైవరు విధియని చెప్పుచు, జనసమూహపు ఆగ్రహమువలన అది సాధ్యముకానప్పుడు మినహాయింపు నిచ్చుచున్నది. మన కోపమునకు చట్టమే చోటు విడువవలసి వచ్చినది! కొట్టుదురను భయముచేత డ్రైవరు పారిపోయినచోట, ముందుగా నష్టపోవువాడు రక్తము కారుచు పడియున్నవాడే.

అదే చట్టమునకు 2019లో చేసిన సవరణ 134ఏ అను సెక్షనును చేర్చి, సద్బుద్ధితో గాయపడినవానికి సహాయము చేయువానికి రక్షణ కల్పించినది. అట్టివానికి చట్టము పెట్టిన పేరు మంచి సమరయుడు. లూకా 10వ అధ్యాయమందలి ఆ మనుష్యుడును దారిన పోవువాడే. అతడు ఎవరి తప్పని విచారింపక గాయములు కట్టెను.

6. మనము చేయవలసినది

మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు నరహత్యనుగూర్చి బోధించుచు, కత్తినుండి మాటకు, మాటనుండి మనస్సులోని కోపమునకు మనలను నడిపించెను. దారిలోని హింసయు ఈ క్రమముననే, వెనుకనుండి ముందునకు, నడచును: మొదట కోపము, పిమ్మట వ్యర్థుడాయను మాట, పిమ్మట చేయి. మొదటి మెట్టుననే నిలిచిపోవుట సులభము.

మార్టిన్ లూథరు 1529లో వ్రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథములో, అబద్ధసాక్ష్యము పలుకరాదను ఆజ్ఞను వివరించుచు, పొరుగువాని క్రియలకు సాధ్యమైనంత మంచి భావము చెప్పవలెనని నేర్పెను. లూథరన్ సంఘములవారు దీనిని ఎనిమిదవ ఆజ్ఞగాను, ఇతర సంఘములలో అనేకులు తొమ్మిదవదిగాను లెక్కింతురు. లెక్క ఏదైనను, ముఖము చూడని మనుష్యుని పొగరుబోతని పిలుచుట అతనిమీద సాక్ష్యము పలుకుటయే. ఆ సాక్ష్యము నిజమో కాదో మనకు తెలియదు.

దారిలో ఫీనెహాసువలె నిలిచి అడుగుటకు చాలమారులు వీలుకాదు. అడుగ వీలుకానప్పుడు తీర్పును కూడ ఆపవలెను. తప్పు మనదైనప్పుడు చేయెత్తి ఒప్పుకొందము. ఆ చిన్న గురుతును తప్పుగా చదువువారు అరుదు. ఎవడైనను కోపముతో వెంబడించినయెడల ఏకాంత స్థలమున దిగి వాదింపక, జనసంచారము గలచోటికో పోలీసు ఠాణాకో పోవుటయు, 112 నంబరునకు ఫోను చేయుటయు పిరికితనము కాదు. నిజముగానే అపాయకరముగా నడుపువారు గలరు. వారి బండి నంబరును పోలీసువారికి తెలుపుట న్యాయమే. దండించు పని మాత్రము మనది కాదు. పది నిమిషములు ముందుగా ఇల్లు బయలుదేరుటయు భక్తిలో భాగమేనని నాకు ఆనాటినుండి తెలిసినది. మన వెనుక కూర్చుండిన పిల్లలు మన ప్రార్థనలతోపాటు, దారిలో మనమాడు మాటలను కూడ నేర్చుకొందురు.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన విశ్వాసులలో లారీ, బస్సు, ఆటో నడుపు సహోదరులు గలరు. నిద్రలేని రాత్రులలో అందరి హారనులును, అందరి తిట్లును భరించుచు వారు బిడ్డలను పోషించుకొనుచున్నారు. ఈ పాఠము చదువు దినమున వారిలో నొకరిని లేచి మాటలాడుమని అడుగుడి. తక్కినవారు వినుడి.

చర్చించుటకు ప్రశ్నలు
1. బలిపీఠమునుగూర్చి విన్నప్పుడు పడమటి గోత్రములవారు చేసిన పొరపాటేమి? వారు చేసిన మంచి పనులేవి?
2. దారిలో ఎదుటివాని గురుతును మీరు తప్పుగా గ్రహించిన సందర్భమొకటి చెప్పుడి. అతని అసలు ఉద్దేశము మీకు ఎట్లు తెలిసినది?
3. ప్రమాదస్థలమున గుంపు కూడినప్పుడు విశ్వాసి మొదట ఎవరియొద్దకు పోవలెను?

ప్రార్థనాంశము: రాత్రివేళ దూరప్రయాణములలో నున్న డ్రైవర్లకొరకు, దారిలో కోపమునకు బలియైనవారి కుటుంబములకొరకు, మనము ఎవరిని దూషించితిమో, మరల కలిసికొనలేకపోతిమో, వారికొరకు.