బూజుకర్ర పట్టుకొనక ముందు

చదువవలసిన భాగములు: యోబు 8:11–15, యెషయా 59:4–6, కీర్తన 104:24–28



క్రిస్మసుకు ముందు ఇంటికి సున్నము వేయుటకై మనము మొదట చేతబట్టునది బూజుకర్ర. ఒక సంవత్సరము నేనును అట్లే పట్టుకొంటిని. తలుపు వెనుక గోడమీద అరచేయంత సాలెపురుగు కనబడెను. దాని కడుపు క్రింద తెల్లని బిళ్లవంటిది యుండెను. ఒక్క దెబ్బ వేసితిని. అది నేలబడెను గాని ఆ బిళ్లను విడువలేదు. అది గ్రుడ్ల సంచియని తరువాత తెలిసికొంటిని. కర్రకు ముందు కన్ను పనిచేయవలెనని ఆ దినమున నేర్చుకొంటిని.

లేఖనములలో

యోబు గ్రంథములో బిల్దదు, దేవుని మరచినవాని ఆశ్రయమును సాలెపురుగు పట్టుతో పోల్చెను. ఆ నేత వస్త్రమునకు పనికిరాదని యెషయా చెప్పెను. ఇవి మనుష్యుని వ్యర్థమైన నమ్మికను గూర్చిన మాటలే గాని పురుగును నిందించు మాటలు కావు. ఆ పట్టు మనుష్యుని మోయలేదు, నిజమే. అయినను దానిని నేసిన ప్రాణికి అది చాలును.

ఇంటను పొలమునను

సాలె అనగా నేతపనివాడు. అయితే సాలెపురుగులన్నియు వల నేయవు. నేను కొట్టిన గోడ సాలెపురుగు వల పన్నదు. రాత్రివేళ తిరుగుచు బొద్దింకలను పట్టి తినును. దాని తల్లి గ్రుడ్ల సంచిని వెంట మోసికొని తిరుగును.

ఇంటి మూలలలో సన్నని పొడుగు కాళ్లతో వ్రేలాడునది మరియొకటి. ముట్టినయెడల గజగజ ఊగును. ఇది తన గ్రుడ్లను కొద్ది దారములతో చుట్టి నోట కరచుకొని యుండును.

వరిచేలలో నేలమీద పరుగెత్తు సాలెపురుగు తన సంచిని వెనుక తగిలించుకొనును. పిల్లలు పుట్టిన తరువాత వాటిని వీపుమీద మోయును. ఇది సుడిదోమను తిని రైతునకు మేలుచేయును. అవసరము లేకున్నను మందు చల్లినయెడల ఈ కావలివారు చత్తురు. దోమ మరల పెరుగును.

ఫొటో తీయు విధము

నేడు అనేకుల చేతిలో ఫోను ఉన్నది గనుక పిల్లలకు ఈ పని నేర్పుడి.

1. ఉదయమున మంచు బిందువులు ఆరకముందే వెళ్లుడి. అప్పుడు వల బాగుగా కనబడును.
2. వెలుగు ప్రక్కనుండి పడునట్లు నిలువుడి. వల వెనుక, దానికి తగులకుండ, నల్లని గుడ్డ పట్టుడి.
3. బొమ్మ మసకబారినయెడల జానెడు వెనుకకు జరుగుడి.
4. కొలత తెలియుటకు ఒక అగ్గిపుల్లను దగ్గర పెట్టి తీయుడి.
5. అదే గూటిని ఏడు దినములు ఒకే వేళ తీసి, తేదీ వ్రాయుడి.

వలమీద పిండి చల్లకుడి, గ్రుడ్ల సంచిని చింపకుడి, పురుగును చేత పట్టకుడి. ఎవరినైనను కరచి వాపు హెచ్చినయెడల, లేక జ్వరము వచ్చినయెడల, వైద్యునియొద్దకు తీసికొని పోవుడి.

ఇల్లు శుభ్రము చేయవద్దని నేను చెప్పుటలేదు. పాడుబడిన బూజును దులుపుడి. కాపురమున్న గూడు కనబడినయెడల పిల్లలు బయటికి వచ్చువరకు ఆ మూలను విడువుడి. మన ఇంటిలో ఒక మూల కొన్ని వారములు తెల్లబడకపోయినంత మాత్రమున పండుగకు లోటు రాదు.

ఆలోచనకు ప్రశ్నలు

1. బిల్దదు చెప్పిన పోలికలో తప్పు పురుగుదా, దానిని ఆనుకొన్నవానిదా?
2. మీ ఇంటిలో ఎన్ని విధములైన సాలెపురుగులున్నవి? వాటిలో వల నేయనివి ఏవి?
3. చూడకముందే కొట్టివేయు అలవాటు మనుష్యుల విషయములో మనకు లేదా?