మూడవ త్రోవ

ఆధార వాక్యములు: దానియేలు 1:8–16, 1 కొరింథీ 10:13, యాకోబు 2:15, 16



వంశధార సముద్రములో కలియు మన కళింగపట్నము తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మోటారు పడవలు ఒడ్డుననే యుండును. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక ఈ 61 దినములు ప్రభుత్వము వాటి వేటను నిషేధించినది. ఆ దినములలో ఒక సాయంకాలము మన సంఘస్థుడొకడు వచ్చి, "అయ్యగారూ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. రాత్రి దొంగచాటుగా పడవ దింపితే పాపమా?" అని అడిగెను. నేను వెంటనే రోమా 13వ అధ్యాయము తెరచి, అధికారులకు లోబడవలెనని చెప్పితిని. అతడు తల వంచుకొని, "మరి పిల్లలకేటి పెట్టమంటారు?" అనెను. నాకు మాట రాలేదు. ఇంటివారిని పోషించుమను 1 తిమోతి 5:8 కూడ దేవుని వాక్యమే గదా!

అప్పుడు దానియేలు జ్ఞాపకమునకు వచ్చెను. రాజు భోజనము తినినయెడల అపవిత్రత. తిననియెడల అధిపతి ప్రాణమునకే అపాయము. దానియేలు ఈ రెంటిలో దేనిని ఎంచుకొనలేదు. మొదట, అపవిత్రపరచుకొనకూడదని హృదయములో నిశ్చయించుకొనెను. రెండవది, ఎదుటివాని భయమును తెలిసికొనెను. మూడవది, శాకధాన్యములతో పది దినములు పరీక్షించుమని వినయముతో అడిగెను. ఇది సగము పాపము, సగము విధేయత కాదు. అతడు రాజు భోజనములో సగము తినలేదు! శోధనతోకూడ తప్పించుకొను త్రోవను దేవుడు కలుగజేయునని పౌలు చెప్పినది ఇట్టి త్రోవనుగూర్చియే.

మేమిద్దరము ప్రార్థించి, కూర్చుండి ఆలోచించితిమి. మోటారు లేని తెప్పలకు ఈ నిషేధము లేదు; అతని అన్నగారి తెప్ప ఊరకయే యుండెను. 2025లో ప్రభుత్వము నిషేధకాలపు సహాయమును అర్హతగల కుటుంబమునకు 10,000 రూపాయలనుండి 20,000 రూపాయలకు పెంచినది. అయితే ఇతడు పేరు వ్రాయించుకొనలేదు. మరుసటి సంవత్సరమునకైనను వ్రాయించుకొనవలెనని నిశ్చయించితిమి. ఇక ఆ వారమునకు అన్నము? మన స్త్రీలు వంట వండునప్పుడెల్ల తీసియుంచిన గుప్పెడు బియ్యము సంఘములో ఉన్నది. అది ఆ యింటికి చేరెను.

ఆ రాత్రి నాకు సిగ్గు కలిగెను. ఆ త్రోవ మొదటినుండి నా చేతిలోనే యుండెను. నేను మాత్రము వచనము ఇచ్చి పంపివేయబోతిని. ఆకలిగొన్నవానికి సమాధానముగా వెళ్లుమని చెప్పి ఏమియు ఇయ్యనివానిని యాకోబు గద్దించుచున్నాడు. మన సహోదరునికి రెండు పాపములు తప్ప వేరొక దారి కనబడనప్పుడు, ఆ దారిని మూసియుంచినది మన పిసినారితనమేమో పరీక్షించుకొందము.

మూడవ త్రోవ ఎల్లప్పుడు దొరకునని నేను చెప్పను. దానియేలు స్నేహితులు ముగ్గురికి ప్రతిమయో, అగ్నిగుండమో తప్ప మరియొకటి లేకపోయెను. అప్పుడు వారు విధేయతనే ఎంచుకొనిరి. ప్రభువు వారితోకూడ అగ్నిలోనికి వచ్చెను. అయితే వెదకకమునుపే "వేరే గతి లేదు" అనువాడు దేవుని అడుగనివాడే.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: నేడు "వేరే గతి లేదు" అని మనము చెప్పుకొనుచున్న కార్యమేది? దానినిగూర్చి ఎవరిని అడిగితిమి? ఎవరికి మనమే ఆ త్రోవ కాగలము?

ప్రభువు మనకు వివేకమును, ధారాళమైన చేతులను దయచేయును గాక. ఆమేన్.